బిళ్ళ కరిగేదాకా

తలుపు మూసుకుంది. అన్నయ్య లోపల, నేను బయట, నా నాలుక మీద పిప్పరమెంటు బిళ్ళ. అది కరిగేదాకా నోరు తెరవకూడదు, పటుక్కున కొరికేయకూడదు, గబగబా చప్పరించి మోసం చేయకూడదు. ఇది మా మేడమ్ పెట్టిన నియమం. మాట సరిగా పలకని పిల్లలకు చదువు చెప్పడమెలాగో నేర్పే పీజీ కోర్సులో చేరిన రోజున ఆవిడ మాకు ఇచ్చింది పుస్తకాల పట్టిక కాదు, తలా ఒక బిళ్ళల పొట్లం. పిల్లల ఎదురుగా కూర్చున్నప్పుడు ఒకటి వేసుకోండి, అది ఉన్నంతసేపూ పిల్లల వంతు, అది అయ్యాకే మీ వంతు, అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ చిన్నప్పటినుంచీ అంటూనే ఉంది, అలాంటిది ఏకంగా బిళ్ళనే నానబెట్టమంటే నవ్వు రాదా మరి. ఇక్కడ, ఈ పాఠ్యపుస్తకాల కంపెనీ రెండో అంతస్తు వరండాలో, నేనేం చేస్తున్నానో చూడటానికి మేడమ్ లేదు. ఉమ్మేసినా అడిగేవాళ్ళు లేరు. అయినా వేసుకున్నాను, ఎందుకంటే లోపల అన్నయ్య గొంతు వినపడగానే నా కాళ్ళు వాటంతటవే లేచి వెళ్ళి తలుపు తోస్తాయని నాకు తెలుసు.

లోపల బల్లకు అటువైపు ముగ్గురు, ఇటువైపు తనొక్కడు. అచ్చుకు వెళ్ళబోయే పుస్తకాల్లో తప్పులు పట్టే ఉద్యోగం. తప్పులు పట్టడంలో మా అన్నయ్యను మించినవాళ్ళు లేరు, మందుసీసా మీద పట్టాడు, బస్సు బోర్డు మీద పట్టాడు, ఒకప్పుడు నేను బట్టల కింద దాచుకున్న ప్రేమలేఖలో కూడా ఎర్ర పెన్నుతో రెండు తప్పులు దిద్ది మళ్ళీ అక్కడే పెట్టేశాడు. రాత పరీక్షలో అందరికంటే పైన వచ్చాడు. మిగిలింది ఇదొక్కటే, నోటి పరీక్ష. రచయితలతోనూ పేజీలు కూర్చేవాళ్ళతోనూ రోజూ మాట్లాడాల్సిన పని కాబట్టి మాట్లాడగలడో లేదో చూస్తారట. ఇది పోతే మళ్ళీ ఇలాంటిది దొరకదని తనకూ తెలుసు, నాకూ తెలుసు. పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడులో ఏ మూలో దెబ్బ తగిలింది, అప్పటినుంచీ నాలుకా పెదవులూ గొంతూ మూడూ మూడు దారులు. మాట లోపలినుంచి బాగానే బయల్దేరుతుంది, దారిలో హల్లులన్నీ రాలిపోయి అచ్చులు మాత్రం సాగి సాగి బయటికొస్తాయి. బుర్ర మాత్రం పాదరసం. కానీ బుర్ర బయటికి కనిపించదు కదా, కనిపించేది నోరే, వంకర తిరిగే నోరు, ఒక్కోసారి చొంగ తుడుచుకోవాల్సి వచ్చే నోరు.

ఎదురుగా గోడకు ఒక బల్లి, దాని కింద నీళ్ళ డ్రమ్ము, డ్రమ్ము మీద గొలుసు కట్టిన గ్లాసు, వరండా పొడుగునా కాగితం వాసన, జిగురు వాసన, కింద ఎక్కడో అచ్చుయంత్రం ఆగి ఆగి నడుస్తోంది. అది నడుస్తున్నప్పుడు తలుపు వెనక ఏమీ వినపడదు. ఆగినప్పుడు అన్నయ్య గొంతు ఒక తీగలా వస్తుంది, మాటలు కాదు, పాట మాత్రమే, ఎక్కడ ఎత్తుకున్నాడో ఎక్కడ దింపాడో అంతే. ఇంట్లో అయితే ఆ పాట చాలు నాకు. వంటింట్లో పోపు చిటపటలాడుతున్నా పడగ్గదిలోంచి తనేమన్నాడో చెప్పేసేదాన్ని. దుబాసి నా అసలు పేరు కాదు గానీ మా వీధిలో నా అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. రాజులకూ పరాయి భాషవాళ్ళకూ మధ్య కూర్చుని ఇటు మాట అటూ అటు మాట ఇటూ చెప్పేవాడు దుబాసి అని చరిత్ర పుస్తకంలో చదివి అన్నయ్యే నాకు ఆ బిరుదు ఇచ్చాడు. తను అన్నది ఉ, ఆ, ఇ. దాన్ని దుబాసి అని వీధంతా చాటింది నేను. అంటే నాకు నేనే పేరు పెట్టుకున్నట్టు లెక్క, ఆ వయసులో అదెంత గొప్పగా ఉండేదో. మిగతా పిల్లలకు బొమ్మలు ఉండేవి, నాకు ఒక భాష ఉండేది, ప్రపంచంలో ఇద్దరికే తెలిసిన భాష, అమ్మకు కూడా సగమే తెలుసు, ఏరా ఏమంటున్నావు అని వాణ్ణి అడిగి నా వైపు చూసేది.

దుబాసి అన్నాక కాస్త అబద్ధం ఆడాలి, లేకపోతే యుద్ధాలు వస్తాయి. మా మావయ్య ఒకసారి వచ్చి కూర్చుని తన గొప్పలు తనే చెప్పుకుంటూ కదలకపోతే అన్నయ్య విసిగిపోయి, ఈయనెప్పుడు పోతాడే, అన్నాడు. మావయ్య నా వైపు తిరిగి, ఏమంటున్నాడమ్మా వాడు, అన్నాడు. నువ్వు ఇవాళ ఇక్కడే ఉండిపోవాలట మావయ్యా, అన్నాను. మావయ్య కళ్ళు తుడుచుకుని నాలుగు రోజులు ఉన్నాడు, ఆ నాలుగు రోజులూ అన్నయ్య నాతో మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది, బిళ్ళ పళ్ళకు తగిలి టక్కుమంది. కానీ ఆ నవ్వులో ఒక ముల్లు ఉంది, అది కోర్సులో చేరాకే తెలిసింది. అన్నయ్య జోకులన్నీ నా నోటినుంచే బయటికొచ్చేవి. తను అన్నప్పుడు ఎవరూ నవ్వరు, నేను చెప్పినప్పుడు నవ్వుతారు, నా ముఖం చూస్తూ నవ్వుతారు. వేడి వేడిగా వండింది తనైతే చల్లారాక వడ్డించి పేరు కొట్టేసేది నేను. భలే చమత్కారం నీ చెల్లెలిది, అని ఒకాయన తనతోనే అన్నాడు కూడా. అన్నయ్య తల ఊపాడు.

కిందటి ఇంటర్వ్యూ సంగతి అయితే ఇంకా చోద్యం. వాళ్ళు తనను అడగడం, తను చెప్పడం, నేను అందుకోవడం, కాసేపటికి వాళ్ళ కుర్చీలు కూడా నా వైపే తిరిగాయి. అన్నయ్య నోరు విప్పేలోపే నాకు జవాబు తెలిసిపోయేది, కాబట్టి తను నోరు విప్పేలోపే చెప్పేసేదాన్ని. అంతా అయ్యాక ఆ ఆఫీసు మేనేజరు ఎంతో మర్యాదగా, మీరు చాలా చక్కగా మాట్లాడారమ్మా, మీకు ఆసక్తి ఉంటే ఈ పని మీకే ఇస్తాం, అన్నాడు నాతో. బస్సులో ఇంటికి వస్తూ అన్నయ్య కిటికీలోంచి చూస్తూ చూస్తూ నా వైపు తిరిగి, ఆ ఉద్యోగం నువ్వు ఒప్పేసుకుని ఉండాల్సింది, అన్నాడు. నేను ఏడ్చాను, తను నవ్వాడు, ఎదుటి సీటు ఆవిడ మా ఇద్దరిలో ఎవరిని ఓదార్చాలో తెలియక తన నీళ్ళ సీసా ఇచ్చింది.

అచ్చుయంత్రం ఆగింది. లోపల ఎవరో అడిగారు, మర్యాద గొంతు, ప్రశ్న. తర్వాత నిశ్శబ్దం. ఈ నిశ్శబ్దం నాకు తెలుసు, ఇది తను ఊపిరి కూడదీసుకునే నిశ్శబ్దం, తెలియనివాళ్ళకు మాత్రం జవాబు లేని నిశ్శబ్దంలా ఉంటుంది. ఆగండి బాబూ, ఆగండి, వస్తోంది. బిళ్ళ వాళ్ళకూ ఇవ్వాల్సింది. తలా ఒకటి ఇచ్చి తలుపు వేసుకోమనాల్సింది, అదేమిటో తట్టనే లేదు.

సీటు కోసం వెళ్ళినప్పుడు మేడమ్, మీరెందుకు ఈ చదువుకు వచ్చారు, అంది. ఎవరేమన్నా నాకు అర్థమవుతుంది మేడమ్, అన్నాను ఛాతీ విరుచుకుని. చూద్దాం, అంది ఆవిడ, నేనేదో రోగలక్షణం చెప్పినట్టు. మొదటి టర్ములో నాకు అప్పగించిన పాపకు ఐదేళ్ళు, అన్నింటికీ తా అంటుంది, బంతి తా, నీళ్ళు తా, ఇంటికెళ్దాం అన్నా తా. నాకేం కష్టం, పుట్టిందే ఆ బళ్ళో కదా. పాప తా అనేలోపు బంతి చేతిలో పెట్టాను, పెదవి తడుపుకుంటే నీళ్ళిచ్చాను, చెప్పుల వైపు చూస్తే అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పాప మహారాణిలా కూర్చుంది. వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని, మా పిల్లను ఇంతగా అర్థం చేసుకున్నవాళ్ళు లేరండీ, అంది. అద్దానికి అటుపక్క, మాకు కనపడకుండా కూర్చుని చూసే గదిలో, మేడమ్ ఉంది. ఆవిడ కూడా మెచ్చుకుంటుందనుకుని వెళ్ళాను. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, మీరు అమ్మను కూడా మించిపోయారు, అంది. మెప్పే అనుకుని నవ్వబోయాను. ఆ పాపకు ఇవాళ మాట్లాడాల్సిన అవసరం ఎక్కడ రానిచ్చారు మీరు, మీకు అర్థమవుతూ ఉన్నంతకాలం తను ఇంకో మాట నేర్చుకోదు, రేపు మీరు లేని చోట తన తా ఎవరికి కావాలి, అని అడిగింది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. మార్కులు సగానికి సగం పోయాయి, క్లాసులో అందరికంటే ఎక్కువ అర్థం చేసుకున్నదాన్ని నేనే, అందరికంటే తక్కువ వచ్చిందీ నాకే.

ఆ రోజు ల్యాబులో ఎవరూ లేనప్పుడు ప్లాస్టిక్ గొంతు బొమ్మను చేతిలోకి తీసుకుని కూర్చున్నాను. విడివిడిగా ఊడొచ్చే బొమ్మ, నాలుక ఒక ముక్క, స్వరపేటిక ఒక ముక్క, అంతా కలిపి గుప్పెడు. ఈ గుప్పెడు కండను కదిలించడానికి మా అన్నయ్య పొద్దున లేచినప్పటినుంచీ ఎంత బరువు మోస్తున్నాడో అప్పుడు చూశాను, ఏ నరం ఏ కండను లాగాలో, ఎక్కడ తెగిందో, నీళ్ళు కావాలి అన్న రెండు మాటలకు ఎన్ని చోట్ల పట్టు దొరకాలో. ఇన్నేళ్ళూ ఆ బరువు నేను మోస్తున్నాననుకున్నాను. మోసేది తనే, నేను గుమ్మంలో నిలబడి అందుకుంటున్నానంతే. కోపం వచ్చింది మేడమ్ మీద, ఇంటికెళ్ళేసరికి దిగిపోయింది, అన్నం తింటుంటే అన్నయ్య గిన్నె వైపు చూశాడు, నా చెయ్యి గరిటె మీదికి వెళ్ళింది, ఆపాను. అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అన్నయ్య నా చెయ్యి చూసి, సంగతి గ్రహించి, అన్నం, అన్నాడు, అచ్చులతోనే గానీ పూర్తిగా. వడ్డించాను. ఆ ముద్ద తను నమిలిన తీరు ఈ జన్మలో మర్చిపోను.

అన్నయ్య కేసు నాకివ్వండి మేడమ్, అని అడిగాను రెండో ఏడాది. మీ అన్నయ్యకు మీరు తప్ప ఎవరైనా పనికొస్తారు, అంది. అని ఆ కేసు మా క్లాసులోనే చదివే 'మళ్ళీ గారి'కి ఇచ్చింది. అతనికి ఆ పేరు మేం పెట్టిందే, ఎవరేం చెప్పినా సిగ్గూ ఎగ్గూ లేకుండా, ఏంటీ, మళ్ళీ చెప్పండి, అంటాడు, ప్రిన్సిపాలుతో కూడా. మేమంతా చెవిటి మాలోకం అని నవ్వుకునేవాళ్ళం. నాకు ఒళ్ళు మండిపోయింది, మా అన్నయ్య మాట ఒక్కటీ అర్థం కానివాడు మా అన్నయ్యకు గురువా అని. అదే కావాల్సిందట. అర్థమైనట్టు తల ఊపడం అతనికి చేతకాదు. జాలిపడి వదిలెయ్యడమూ చేతకాదు. ఏంటీ, మళ్ళీ చెప్పండి. అన్నయ్య చెప్పేవాడు. ఇంకొంచెం నెమ్మదిగా, మళ్ళీ. అన్నయ్య చెప్పేవాడు. అద్దానికి అటుపక్క కూర్చుని నేను గోళ్ళు కొరుక్కునేదాన్ని, మేడమ్ పొట్లం నా ముందుకు జరిపేది. ఒక్కో మాటకూ ఒక్కో చొక్కా గుండీ పట్టుకోమని నేర్పింది అతనే. పైగుండీ పట్టుకుని ఒక మాట, ఊపిరి, కింది గుండీ, ఇంకో మాట. చెయ్యి జరిగితే గానీ నోరు జరగకూడదు. పరుగెత్తే మాట ఆగి నడవడం నేర్చుకుంది, రాలిపోయే హల్లులు కొన్ని నిలబడ్డాయి, అన్నీ కాదు, అన్నీ ఎప్పటికీ నిలబడవు, కొన్ని. చొక్కాకు ఎన్ని గుండీలో వాక్యానికి అన్నే మాటలు, అంతకు మించి చెప్పాలంటే మళ్ళీ మెడ దగ్గరినుంచి మొదలు. ఈ పొద్దున ఇంటర్వ్యూ చొక్కా ఇస్త్రీ చేస్తుంటే అడుగున ఒక గుండీ లేదని అమ్మ చూసింది. ప్యాంటులోకి దోపుకుంటే కనపడదులే అమ్మా, అన్నాను. కనపడకపోతే ఏం, వాడికి ఒక మాట తక్కువ పడొద్దూ, అని కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని కుట్టింది. అమ్మ ఏ కాలేజీకీ రాలేదు, ఏ అద్దం వెనకా కూర్చోలేదు, అయినా. దారం పంటితో తెంపుతుంటే ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది, టైమైపోతోందని విసుక్కున్నాను.

తలుపు తెరుచుకుంది. వచ్చింది అన్నయ్య కాదు, అటెండరు, పెద్దాయన, భుజం మీద తువ్వాలు.

"అమ్మా, మీరు లోపలికి రావాలంట. ఆయన చెప్పేది సార్లకు సరిగా తెలవడం లేదు. మీరొస్తే తొందరగా అయిపోద్దని అంటన్నారు."

లేచాను. నిజం చెప్పాలంటే లేవలేదు, నా మోకాళ్ళు లేచాయి. తలుపు సందులోంచి అన్నయ్య వీపు కనిపించింది, ఇస్త్రీ మడత, మెడ మీద చెమట. వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే వెళ్ళిపోయేదాన్ని. మూడే అడుగులు, వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుంటే చాలు, క్షణంలో అంతా తేటతెల్లం చేసేస్తాను, ఉద్యోగం వచ్చినా వస్తుంది. వెళ్ళకపోతే, వాళ్ళకు విసుగొచ్చి, సరే బాబూ, కబురు చేస్తాం, అంటే? ఆ పాపం ఎవరిది? బిళ్ళ ఇంకా కాస్త మిగిలి ఉంది, నాలుకతో బుగ్గలోకి తోశాను.

"ఆయన రమ్మన్నారా, సార్లు రమ్మన్నారా?"

"సార్లే అమ్మా. ఆయనేమీ అనలేదు."

"అయితే ఆయన్నే ఇంకోసారి అడగమని చెప్పండి. ఎన్నిసార్లడిగినా ఆయన ఏమీ అనుకోరు. అలవాటే."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఇదేం చెల్లెలురా దేవుడా అనుకున్నట్టే ఉన్నాడు, లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను, కాళ్ళు కుర్చీ కోళ్ళకు మెలేశాను, నన్ను నేను కట్టేసుకున్నాను. అచ్చుయంత్రం మొదలైంది, ఇప్పుడే మొదలవ్వాలా నీ దుంపతెగ. ఏమీ వినపడదు. తను పైగుండీ పట్టుకున్నాడో లేదో, కంగారులో చెయ్యి మర్చిపోయాడో ఏమో, కంగారొస్తే మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి, అప్పుడు నాక్కూడా కష్టమే. అమ్మ కుట్టిన గుండీ దాకా వచ్చాడా. తల్లీ, మేడమ్ తల్లీ, నువ్వు చెప్పిందే చేశాను, ఇప్పుడు ఇది తప్పయితే నిన్ను ఏమనాలి. ఏమీ అనను. ఏమీ అనలేను. నువ్వు సగం మార్కులు కోయకపోతే నేనీపాటికి లోపల కూర్చుని ఉద్యోగం నాకే వచ్చేలా చేసేదాన్ని. మళ్ళీ గారూ, మీ చెవిటితనం చల్లగుండ, మీలాంటివాళ్ళు ఈ లోకంలో ఇంకో ముగ్గురు ఉండి వాళ్ళు ఆ బల్లకు అటువైపు ఉంటే ఎంత బాగుండు. ఆ తా పాప ఈ నెలలో నా ఎదుట కూర్చుని, నేను బిళ్ళ నోట్లో పెట్టుకుని మొద్దులా చూస్తుంటే, ఎర్ర బంతి ఇయ్యి అంది, మూడు మాటలు, ఇయ్యి మరీ గట్టిగా, నా మొద్దుతనానికి కోపమొచ్చి. అంత తీయని తిట్టు నన్నెవరూ తిట్టలేదు.

యంత్రం ఆగింది. లోపలినుంచి ఒక గొంతు.

"ఏమన్నారూ? మళ్ళీ చెప్పండి."

దేవుడా. అడిగారు. తనను అడిగారు. తర్వాత నిశ్శబ్దం, నాకు తెలిసిన నిశ్శబ్దం, దాన్ని ఎవరూ తుంచలేదు. తర్వాత అన్నయ్య గొంతు, ముక్కలు ముక్కలుగా, మధ్యలో ఊపిరి, చెయ్యి గుండీ నుంచి గుండీకి దిగుతున్నట్టు నా కళ్ళకు కడుతోంది, ఏమంటున్నాడో మాత్రం తెలియడం లేదు, తలుపు మందం, ఎంత చెవి రిక్కించినా పాటే తప్ప మాట లేదు. పాట ఆగింది. ఒక్క క్షణం. అప్పుడు నవ్వు. ముగ్గురూ ఒక్కసారి, పగలబడి, ఎవరో బల్ల కూడా చరిచారు. వెంటనే వచ్చింది, చల్లారకుండా, మధ్యలో దుబాసి లేకుండా, తన నోటినుంచి వాళ్ళ చెవికి తిన్నగా. నేను బయట కూర్చుని ఉన్నాను, ఆ జోకు ఏమిటో ప్రపంచంలో నాకొక్కదానికే తెలియదు. కళ్ళ నీళ్ళు ఎప్పుడు వచ్చాయో చూసుకోలేదు. ఇంత సంతోషంగా నేనెప్పుడూ దేన్నీ అర్థం చేసుకోకుండా ఉండలేదు.

తలుపు తెరుచుకున్నాక ముందు వచ్చింది ఆ ముగ్గురిలో పెద్దాయన, కళ్ళజోడు తీసి ఇంకా తుడుచుకుంటున్నాడు. నన్ను చూశాడు గానీ నా వైపు తిరగలేదు, అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి, అన్నయ్య ముఖంలోకి చూస్తూ చెప్పాడు.

"అయితే సోమవారం వచ్చెయ్యండి. నాకు ఒకటికి రెండుసార్లు చెప్పాల్సొస్తుంది, విసుక్కోకండి."

మెట్లు దిగుతున్నాం, నేను ముందు, అన్నయ్య రెయిలింగు పట్టుకుని వెనక. ఆగలేకపోయాను. ఏం జోకేశావురా, అన్నాను, చెప్పు, నాకూ చెప్పు. అన్నయ్య మెట్టు మీద ఆగి పైగుండీ పట్టుకున్నాడు. నీకు, అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. ఎందుకు, అన్నాడు. నవ్వు తన ముఖమంతా వంకర్లు పోయింది. ఎంత బతిమాలినా అంతే, ఇంకో గుండీ కదల్లేదు.

నా బ్యాగులో ఫోను మోగింది. అమ్మ. అలవాటు చొప్పున తీసి చెవి దగ్గర పెట్టుకోబోతున్నాను, చెప్పాల్సిన మాటలు నోటి చివరిదాకా వచ్చేశాయి, అన్నయ్య చెయ్యి చాపాడు. ఫోనులో తను ఎప్పుడూ మాట్లాడలేదు, ముఖం కనపడకపోతే తన మాట అమ్మకు కూడా అందదు. ఇచ్చాను. ఇంకో చెయ్యి తన జేబులోకి వెళ్ళింది, మళ్ళీ గారి దగ్గర కొట్టేసినట్టున్నాడు, పొట్లంలోంచి ఒక బిళ్ళ తీసి నాకు అందించాడు. వేసుకున్నాను. ఫోను చెవికి ఆనించుకుని మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు, అమ్మా, అన్నాడు, ఇంకేదో అన్నాడు. అవతలినుంచి అమ్మ గొంతు, నాకు కూడా వినపడేంత గట్టిగా, "మళ్ళీ చెప్పు నాన్నా."

అన్నయ్య పైగుండీ పట్టుకున్నాడు.